రెండు మెట్ల మధ్య పలికిన శ్రుతి

పోయిన శనివారం పొద్దున, పాత ల్యాప్‌టాప్‌లోని సరుకంతా కొత్తదానిలోకి దించుకుంటూ ఉంటే, ‘బావ-ఏడు’ అని నేనే పేరు పెట్టుకున్న వీడియో క్లిప్ ఒకటి కంటబడింది. శనివారం సెలవన్నది ఇక్కడ ఇంకా కొత్తగానే అనిపిస్తుంది నాకు. నేను చెప్పబోయే రోజుల్లో ఈ దేశంలో సెలవు శుక్రవారం ఉండేది, శనివారం పొద్దున్నే అబుదాబి పక్కన ముసఫాలో మా ఆఫీసు బస్సు ఎక్కేవాళ్ళం. ఆ క్లిప్‌ను అలవాటు కొద్దీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి లాగాను. అయిదేళ్ళ కిందట ఇదే పని చేసి ఉంటే తెర మొత్తం నల్లగా అయిపోయి, ఈ ఫైలు నాకు తెలియదు పొమ్మని ఒక మాట వచ్చేది. ఇప్పుడు మాత్రం, ఈ క్లిప్ మీ ప్రాజెక్టుకు సరిపోవడం లేదు, సర్దమంటారా అని మర్యాదగా అడిగింది. అవునని నొక్కాను. ఒక్క క్షణంలో మా బావ మొహం, పికప్ బండి సీటులో, చెమటతో మెరుస్తూ తెర మీద నిలబడింది.

ప్లే నొక్కడానికి నాకు ధైర్యం చాలలేదు. లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను. ఆ ఏడో క్లిప్‌ను నేను అంతవరకూ ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకు చూడలేదో చెప్పాలంటే ఆ వేసవి సంగతంతా చెప్పాలి.

బావంటే మా అక్క భర్త. అల్ ఐన్‌లో ఖర్జూరపు తోటలకు పంపులూ, పైపులూ అమ్మే ఒక కంపెనీలో స్టోర్ కీపరు. నెల్లూరు జిల్లా మనిషి. పగలంతా వాల్వులు లెక్కపెట్టుకునే ఆ మనిషి, సెలవు రోజున ఎవరింట్లోనైనా పది మంది తెలుగువాళ్ళం చేరితే, గొంతు సవరించుకుని పద్యం ఎత్తుకునేవాడు. చిన్నతనంలో వాళ్ళ ఊరి బడిపంతులు ఒకాయన పౌరాణిక నాటకాలు ఆడిస్తూ ఈయనకు రాజు వేషం కట్టించేవాడట. ఆ పంతులుగారు సొంతంగా రాసి, మోహన రాగంలో తానే వరస కట్టిన పద్యమొకటి బావకు ప్రాణం. అది ఎక్కడా అచ్చు కాలేదు. పంతులుగారు పోయాక ఆ వరసలో పాడేవాడు బావ ఒక్కడే మిగిలాడు. నాలుగో పాదం చివర పై షడ్జమం అందుకుని, వినేవాళ్ళే ఊపిరి బిగబట్టేంతసేపు నిలిపేవాడు. మన తరం వాళ్ళకు చెప్పనక్కరలేదు కదా, అక్కడ జనం వన్స్ మోర్ అని అరవకపోతే పాడినవాడికి తిండి సయించదు. ముసఫా పక్కన మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలోని మా ఫ్లాటులో మేమూ అరిచేవాళ్ళం, పక్క ఫ్లాటు మలయాళీ తలుపు కొట్టి సంగతేమిటని అడిగేవరకూ.

ఆయన వెనక హార్మోనియం పట్టేది మాస్టరు. ఇక్కడ దర్జీని మాస్టరనే పిలుస్తారు. ఈయనది కడప జిల్లా. బనియాస్‌లో అరబ్బులకు కందూరాలు, అంటే వాళ్ళు తొడుక్కునే పొడుగాటి తెల్ల అంగీలు, కుట్టే చిన్న దుకాణం. ముస్లిం కుటుంబమే అయినా తాతల కాలం నుంచీ ఊళ్ళ వెంట నాటకాలకు హార్మోనియం వాయించినవాళ్ళు. ఆ పెట్టెను గుడ్డలు కత్తిరించే బల్ల కింద పాత దుప్పటిలో చుట్టి దాచుకునేవాడు. పద్యనాటకంలో ఒక పద్ధతి ఉంది. పాడేవాడు ఎటు పోతే హార్మోనియం అటు పోవాలి. వెనకబడకూడదు, ముందుకు ఉరకకూడదు. బావ ఎక్కడ ఊపిరి పీలుస్తాడో మాస్టరుకు తెలిసినంతగా మా అక్కకు కూడా తెలియదని మేము నవ్వుకునేవాళ్ళం.

కరోనా వచ్చిన వేసవిలో బావ మెడ మీద, ముందునుంచీ ఉన్న చిన్న వాపు పెరిగింది. థైరాయిడ్ గడ్డ అన్నారు, తీసెయ్యాలన్నారు, తేదీ కూడా ఇచ్చారు. డాక్టరు నెమ్మదిగా చెప్పిన ఇంకో మాట ఏమిటంటే, గొంతును ఆడించే నరం ఆ గడ్డను ఆనుకునే ఉంటుందనీ, ఎంత జాగ్రత్తగా చేసినా కొందరికి మాట మారుతుందనీ, మరికొందరికి మాట బాగానే ఉన్నా పై స్థాయి అందదనీ. ఆపరేషనుకు ఇంకా పన్నెండు రోజులుంది. బావ నాకు ఫోను చేసి, చావు గురించి ఒక్క ముక్క అడగకుండా, ఆ పద్యాన్ని వీడియోగా తీసి పెట్టగలవా బామ్మర్దీ అని అడిగాడు. పంతులుగారి వరస తన గొంతుతో పోకూడదన్నాడు.

నన్నే ఎందుకు అడిగాడంటే, నేను ఇరవై రెండేళ్ళు నెల్లూరులో ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటరుగా చేసి, ఆ తరవాత ఇక్కడ ఒక నిర్మాణ కంపెనీలో కాగితాలు సర్దే ఉద్యోగంలో కుదిరినవాణ్ణి. ఎడిటరన్న మాట ఉంది కదా, అన్నీ ఎడిట్ చేస్తాడనుకున్నారు మావాళ్ళు. లాక్‌డౌన్‌లో కాలం గడవక ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకుని, తెలుగువాళ్ళ పుట్టినరోజు వీడియోలు నాలుగైదు కలిపి కుట్టి ఉన్నాను. ఆ కాస్త విద్యతోనే ఒప్పుకున్నాను.

ముగ్గురం ఒకచోట చేరే వీలు లేదు. ఆ రోజుల్లో అబుదాబి నుంచి అల్ ఐన్‌కు రాకపోకలు ఆపేశారు. అందుకని నేనొక ఏర్పాటు చేశాను. మాస్టరు ముందుగా ఒంటరిగా హార్మోనియం వాయించి, రిహార్సళ్ళకు వాడే తన పాత వాయిస్ రికార్డరులో నింపాలి. దాన్ని బావ అక్క ఫోనులో పెట్టుకుని, చెవిలో వింటూ, తన ఫోనులో వీడియో తీసుకుంటూ పాడాలి. రెంటినీ నేను కలుపుతాను. ఇది పద్యానికి తలకిందుల పద్ధతి. పాడేవాడి వెంట హార్మోనియం నడవాల్సింది, హార్మోనియం వెంట పాడేవాడు నడవాలి. మాస్టరు గొణిగాడు గాని, బావ ఊపిరి ఎక్కడెక్కడ పడుతుందో గుర్తు తెచ్చుకుంటూ, సరిగ్గా నాలుగు నిమిషాలు వాయించి, మెమరీ కార్డును చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన శానిటైజరు కొట్టి, మా బిల్డింగ్ వాచ్‌మన్ చేతికిచ్చి వెళ్ళాడు. కిటికీలోంచి నేను చెయ్యి ఊపాను, కింది నుంచి ఆయన ఊపాడు. కార్డులోని ఫైలును ఉన్నదున్నట్టే అక్క ఫోనుకు పంపాను.

బావ వాళ్ళుండేది ఒక విల్లాలో చెక్క గోడలతో విడగొట్టిన రెండు గదుల్లో. అటుపక్క వాళ్ళు రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్ళు. అందుకని ఆయన కంపెనీ పికప్‌లో కూర్చుని, అద్దాలన్నీ ఎక్కించి, చప్పుడవుతుందని ఏసీ కూడా ఆపేసి, ఫోనును డాష్‌బోర్డు మీద ఆనించి పాడాడు. అల్ ఐన్ వేసవి, మూసిన బండి. పాట అయ్యాక తలుపు తీసుకుని దిగి, ఒక బాటిలు నీళ్ళు నెత్తిన పోసుకునేవాడని అక్క తరవాత చెప్పింది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది, ఎందుకంటే అట్లా ఆయన చేత నేను ఏడుసార్లు పాడించాను.

మొదటి క్లిప్ వచ్చినప్పుడు అది అసలు తెరుచుకోనే లేదు. బావ ఫోను కొత్తది, వాళ్ళ ముదీర్, అంటే మేనేజరు, తను మార్చుకుంటూ ఈయనకు ఇచ్చింది. అది వీడియోను ఏదో కొత్త పద్ధతిలో కుదించి దాస్తుంది. నా ముసలి ల్యాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేరుకు ఆ పద్ధతి తెలియదు. శబ్దం వస్తుంది, తెర మాత్రం నలుపు. ఒక రోజంతా నెట్‌లో వెతికి, ఒక కన్వర్టరు సంపాదించి, పాత పద్ధతిలోకి మార్చాను. బొమ్మ కనబడింది. ఆ సంతోషంలో మాస్టరు రికార్డరులోని ఫైలును కూడా, అదీ ఏదో పాతకాలపు రకం కావడంతో, అదే కన్వర్టరులో వేసి తీశాను. నేను చేసిన తప్పు ఇదే. డెస్కులో కొత్తగా చేరినవాళ్ళకు నేనే చెప్పేవాణ్ణి, హెడ్డింగులో తప్పు దిద్దిన సంతోషంలోనే ఫొటో కింద తప్పు వదిలేస్తామని. బొమ్మ సరిపోయింది కాబట్టి ధ్వని కూడా సరిపోయే ఉంటుందనుకున్నాను.

రెంటినీ కలిపి విన్నాను. అది వినలేకపోయాను. హార్మోనియం పైన ఎక్కడో పలుకుతోంది, బావ గొంతు కింద ఎక్కడో ఉంది. పైగా హార్మోనియం ముందుకు పరుగెత్తి ఆగిపోయాక కూడా బావ ఇంకా చివరి పాదం లాగుతూనే ఉన్నాడు. నాకు సంగీతం రాదు, శ్రుతి కలవలేదన్నంత వరకే తెలుస్తుంది. మాస్టరుది వేలితో మెట్లు నొక్కి వాయించే పెట్టె, అది తప్పదు. గొంతు తప్పుతుంది. అందులోనూ గడ్డ ఉన్న గొంతు. ఇంత లెక్క వేసుకుని బావకు ఫోను చేసి, వీలైనంత మెత్తగా, శ్రుతి కొంచెం తగ్గుతోంది బావా, కాలం కూడా కాస్త వెనకపడుతోంది, ఇంకొక్కసారి పాడతావా అన్నాను.

 “పేపరాయన చెప్పినాక తప్పేముంది, పాడతాలే” అన్నాడు.

రెండోసారీ అంతే. అప్పుడు నాకొక తెలివి తట్టింది. బావ వింటున్న హార్మోనియమూ నేను కలుపుతున్న హార్మోనియమూ రెండూ ఒకటే ఫైలైతే తేడా రాదు కదా అని, నా సాఫ్ట్‌వేర్‌లోంచి హార్మోనియాన్ని బయటికి తీసి ఆయనకు పంపి, ఇక మీదట ఇది వింటూ పాడమన్నాను. ఇప్పుడు తలచుకుంటే, దిద్దుబాటు పేరుతో ఆ తప్పును ఆయన చెవిలోకే పంపాను. విన్న వెంటనే బావ ఫోను చేసి, మాస్టరు శ్రుతి పెంచాడా అని అడిగాడు. లేదు బావా, అదే వాయిద్యం, నేనేమీ మార్చలేదన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు. అయితే నా చెవి కూడా పోయిందన్నమాట అని నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు, కాని రోజులు తరిగిపోతున్నాయన్న కంగారులో దాని గురించి ఆలోచించలేదు.

మూడు, నాలుగు, అయిదు. ఇప్పుడు కాలం సరిపోయింది, పాదాలన్నీ హార్మోనియంతో కలిశాయి, కాని చివరి షడ్జమం దగ్గరికి వచ్చేసరికి గొంతు చీలిపోతోంది. మెడ మీద నరాలు తాళ్ళలా లేస్తున్నాయి. ఆ గడ్డ మింగుడు పడని ముద్దలాగా కదలడం తెర మీద కనిపిస్తోంది. ప్రతి క్లిప్‌నూ మార్చి చూసుకోవడానికి నాకు రెండేసి గంటలు పట్టేది. ఆ రెండు గంటలూ, నల్లటి తెర మీద పాకే ఆ చిన్న గీతను చూస్తూ, ఈసారైనా, ఈసారైనా అనుకుంటూ కూర్చునేవాణ్ణి. ఆరోసారి ఆయన సగంలోనే ఆగిపోయి కెమెరా కట్టేశాడు. అప్పటికి ఆపరేషనుకు మూడు రోజులుంది.

మరునాడు శుక్రవారం పొద్దున అక్క ఫోను. హలో కూడా అనలేదు.

“ఏం చెప్పావురా ఆయనకి? రెండ్రోజుల్నించీ నోరిప్పడంలా. ఎట్టాగూ పోయిన గొంతే, ఆపరేషన్‌లో పోతే మాత్రమేందంటన్నాడు. రాత్రి నాతో ఏమన్నాడో తెలుసా, డాక్టరుకి చెప్పు, నరం సంగతి చూసుకోబళ్ళేదని చెప్పు, తొందరగా కోసేసి పంపమను అన్నాడు. వాళ్ళు భయపెట్టినప్పుడు కూడా ఇట్టా లేడురా ఆ మనిషి.”

నేనేదో సర్ది చెప్పబోయాను. “నీ వీడియో ఖలాస్, ఇంక నా మొగుణ్ణి పాడమనొద్దు” అని పెట్టేసింది.

 నా మాట మీద ఒక మనిషి తన గొంతు పోయిందని నమ్మేశాడు. మాస్టరును అడిగి, ఆ షడ్జమం వరకూ హార్మోనియాన్నే ఏదైనా సర్ది వాయించమంటే సరిపోతుందేమోనని, మాస్కు కట్టుకుని ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బనియాస్ వెళ్ళాను. దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపల మాస్టరు ఒక్కడే తెల్లటి గుడ్డ కత్తిరిస్తున్నాడు. దూరంగా ఇంకో స్టూలు చూపించాడు. నేను అయిదో క్లిప్‌ను ఆయనకు వినిపించాను.

పది సెకన్లయినా విన్నాడో లేదో, కత్తెర బల్ల మీద పెట్టేశాడు.

“ఎవురు వాయించినారన్నా ఇది?”

“నువ్వే కదా మాస్టారూ.”

“నేనా? నేను వాయించింది నాలుగు శ్రుతి. ఆయప్పకు ఇరవై ఏండ్లుగా నాలుగే పెడతాండా. ఇదేంది, ఆకాశంలో పలుకుతాంది?”

రికార్డరులోంచి వచ్చిందేనని ఒట్టు వేసి చెప్పాను. ఆయన నమ్మలేదు. బల్ల కింది నుంచి పెట్టెను లాగి, దుప్పటి విప్పి, ఎడమ చేత్తో గాలి కొడుతూ, నా ల్యాప్‌టాప్‌లో వినబడుతున్న శ్రుతి కోసం ఒక మెట్టు నొక్కాడు. కలవలేదు. పక్క మెట్టు నొక్కాడు. అదీ కలవలేదు. మళ్ళీ మొదటిది, మళ్ళీ రెండోది. వేలు రెండింటి మధ్య సందు మీద పెట్టి నా వంక చూశాడు.

“నాలుగున్నర కాదు, అయిదూ కాదన్నా. ఈ రెండు మెట్ల మధ్య పలుకుతాంది. మధ్యలో ఏముంటాది, చెక్క ఉంటాది! నా పెట్టెలో ఈ శ్రుతే లేదు. లేని మెట్టును నేనెట్ల నొక్కినా? యాడ్నించి తెచ్చినావు దీన్ని?” ఆ వెంటనే ఆయన గొంతు మారింది. “అన్నా, దీని మీద పాడమన్నావా ఆయప్పను? ఆ గడ్డ పెట్టుకోని?”

 గొంతు తప్పవచ్చు, చెయ్యి తప్పవచ్చు, కాని లేని మెట్టును ఏ మనిషీ నొక్కలేడు. అంటే తప్పు మనుషులది కాదు. ఇరవై రెండేళ్ళు అక్షరాల మధ్య బతికిన నాకు ఈ సంగతి ముందే తట్టి ఉండాల్సింది. మా డెస్కు రోజుల్లో మండలాల నుంచి విలేఖరులు పంపిన వార్త మా దగ్గర తెరిస్తే ఒక్కోసారి పేజీ నిండా పిచ్చి గీతలు ఉండేవి. వాళ్ళు కొట్టిన ఫాంటు ఒకటి, మా కంప్యూటరులో ఉన్న ఫాంటు ఒకటి. ఆ గీతలు చూసి ఫలానా విలేఖరికి తెలుగు రాదని మేమెవరమూ ఎప్పుడూ అనలేదు. ఫాంటు మారిందయ్యా అనేవాళ్ళం, మార్చుకునేవాళ్ళం, చదువుకునేవాళ్ళం. ముక్కూ మొహం తెలియని విలేఖరి పట్ల చూపిన ఆ మాత్రం న్యాయం, సొంత బావ పట్ల చూపలేకపోయాను.

ఇంటికొచ్చి మొదటిసారిగా, కాలమ్ కొలత చూసుకునేవాడిలాగా, పొడవులు కొలిచాను. మాస్టరు రికార్డరులో ఫైలు సరిగ్గా నాలుగు నిమిషాలు. కన్వర్టరులోంచి బయటికొచ్చింది మూడు నిమిషాల నలభై సెకన్లు. ఇరవై సెకన్లు ఎవరు మింగారు? తవ్వితే తేలింది. ధ్వనిని ఈ యంత్రాలు సెకనుకు ఇన్ని వేల ముక్కలని కోసి దాచుకుంటాయి. మాస్టరు రికార్డరు కోసింది నలభై నాలుగు వేల వంద ముక్కలుగా. నా కన్వర్టరు ఆ ముక్కలను అట్లాగే ఉంచి, పైన చీటీ మాత్రం నలభై ఎనిమిది వేలని మార్చి అంటించింది. ఆ చీటీ నమ్మి సాఫ్ట్‌వేరు వాటిని త్వరత్వరగా వినిపించింది. టేప్ రికార్డరు ఉండాల్సినదానికన్నా వేగంగా తిరిగితే గొంతులు సన్నబడి పాట తొందరగా అయిపోయేది చూడండి, అచ్చంగా అదే. చీటీ సరిచేసి, మాస్టరు ఫైలును మళ్ళీ మార్చడానికి పట్టింది పది నిమిషాలు.

ఆ తరవాత, అసలు హార్మోనియం వింటూ బావ పాడిన మొదటి క్లిప్ కోసం వెతికితే వెంటనే దొరకలేదు.  బావ తన ఫోనులో చోటు చాలక పంపినవి పంపినట్టే తుడిచేస్తూ వచ్చాడు, అదీ నేను చెప్పినందుకే. మేము డెస్కులో దిద్దిన ప్రతిని, మరునాటి పేపరు వచ్చేదాకా మేకుకు గుచ్చి ఉంచేవాళ్ళం, పారెయ్యడం నేరం. ఆ అలవాటు చచ్చిపోలేదు కాబోలు, చివరికి ‘పనికిరానివి’ అని నేను పేరు పెట్టిన ఫోల్డరులో కనబడింది. ఆ పేరు చూసి నాకు సిగ్గేసింది. తీసి, హార్మోనియంతో కలిపాను. ఒక్క సెకను కూడా జరపాల్సిన పని లేకపోయింది. బావ ఊపిరి పీల్చిన ప్రతిచోటా మాస్టరు చెయ్యి ఆగి ఉంది. చివరి షడ్జమం హార్మోనియం మీద పక్షి వాలినట్టు వాలి, నిలబడింది. మా ఆవిడ వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

బావకు ఫోను చేసి మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. ఆయన చాలాసేపు విన్నాడు. చివరికి, “పేపరోళ్ళు తప్పు రాస్తే సవరణ లోపలి పేజీలో మూలన వేస్తారు కదా బామ్మర్దీ. నువ్వు మొదటి పేజీలోనే వేశావే!” అన్నాడు. ఆ తరవాత అక్క ఫోను తీసుకుంది, ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది.

ఆ రోజు నేను బనియాస్‌లో ఉండగానే ఏడో క్లిప్ వచ్చి పడి ఉంది. అక్కకు తెలియకుండా ఆయన మళ్ళీ బండిలో కూర్చుని పాడి పంపాడన్నమాట. దాన్ని మార్చి తెరవడానికి నాకు మొహం చెల్లలేదు. లేని మెట్టు కోసం ఇంకొకసారి గొంతు చించుకున్న మనిషిని చూడటమెందుకనుకున్నాను. వచ్చింది వచ్చినట్టే ఒక మూలన పెట్టేశాను.

ఆపరేషనుకు ఒక్క మనిషినే తోడు రానిచ్చారు. ఆ నాలుగు గంటలూ నేను ఆఫీసులో డ్రాయింగుల మీద ముద్రలు వేస్తూ, ఏ కాగితం మీద వేశానో కూడా తెలియకుండా గడిపాను. రెండోరోజు, మాట్లాడకూడదని చెప్పిన బావకు అక్క ఫోనులో ఆ పద్యం వినిపించిందట. మంచం ఊచ మీద వేళ్ళతో తాళం వేస్తూ విని, అయిపోయాక ఒక వేలెత్తి చూపించాడట, వన్స్ మోర్ అని.

మాట రెండు నెలల్లో వచ్చింది, కాస్త బొంగురుగా. పాట కూడా వచ్చింది. పై షడ్జమం మాత్రం రాలేదు. ఇప్పుడు మాస్టరు లేకుండా, ఫోనులో శ్రుతి పెట్టుకుని, రెండు మెట్లు కిందికి దించుకుని పాడతాడు. మాస్టరు దుకాణం ఇచ్చేసి పెట్టెతో సహా ఊరికి వెళ్ళిపోయాడు. నేను చేయించిన ఆ వృథా ప్రయాస వల్ల ఆ గొంతుకు ఏమైనా జరిగిందా అన్న అనుమానం నన్ను ఈ అయిదేళ్ళూ వదలలేదు. ఒకసారి బావతో పాటు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టరును పక్కకు పిలిచి అడిగాను. దానికీ దీనికీ సంబంధం ఉండదన్నాడు. నమ్మాలనే ఉంది.

శనివారం టీ తాగి వచ్చి, ప్లే నొక్కాను.

మూసిన అద్దాల వెనక ఎండ తెల్లగా ఉంది. బావ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. చెవిలో నేను పంపిన ఆ దొంగ హార్మోనియం. మొదటి మూడు పాదాలు నిబ్బరంగా, దాచుకుంటూ పాడాడు. నాలుగో పాదంలో కళ్ళు మూసుకున్నాడు. గొంతు ఎక్కుతోంది, ఎక్కుతోంది, ఎక్కడ చీలుతుందోనని నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. చీలలేదు. ఏ పెట్టెలోనూ మెట్టు లేని ఆ చోటును, తన జీవితంలో ఎప్పుడూ పాడని ఎత్తులో, మా బావ అందుకున్నాడు. మూడు సెకన్లు నిలిపాడు. వెంటనే దగ్గు తెర వచ్చింది. దగ్గుతూనే నవ్వుతూ, కెమెరా దగ్గరికి వంగి అడిగాడు.

“అందిందయ్యా బామ్మర్దీ! చూశావా? ఇప్పుడు సరిపోయిందా?”

అయిదేళ్ళుగా ఆ ప్రశ్న నా దగ్గరే ఉంది, తెరవని ఫైలులో.

ఇప్పుడు అన్నీ వాటంతట అవే సరిపోతున్నాయి. ఏ ఫోనులో తీసినా, ఏ ముక్కలుగా కోసినా, సాఫ్ట్‌వేరు ఒక్క మాట అడిగి, ఒక్కోసారి అడగకుండానే సర్దేస్తోంది. మంచిదే, ఇంకెవరూ ఎవరి చేతా లేని శ్రుతిలో పాడించరు. కాని ఆ సర్దుబాట్లలో ఎవరు ఎంత సాగారో, ఎవరు ఎంత తగ్గారో ఇక మనకు వినబడదు. పాత పద్ధతిలో అయితే నల్లటి తెర అడ్డం నిలబడి, ఆగి చూడవయ్యా అని చెప్పేది. నేనే ఆగలేదు.

ఈ శనివారం అల్ ఐన్ వెళుతున్నాను. ఆ క్లిప్ చూపించాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. పోయిన స్వరాన్ని చూసుకుని ఆయన సంతోషిస్తాడో, లోపల ఏదైనా కలుక్కుమంటుందో తెలియదు. ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. మొదటిసారే సరిపోయింది బావా.